భూకంపాలు - భూభ్రమణం: ఒక చారిత్రక పరిశీలన

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సుమత్రా ద్వీపానికి పశ్చిమాన సముద్రగర్భంలో సంభవించిన భూకంపం ఆధునిక యుగపు ఘోర విపత్తులలో ఒకటి. దాని నుండి లేచిన సునామీ అలలు ఇండోనేషియాలోని ఆచే తీరాన్ని తుడిచిపెట్టి, శ్రీలంకను, తమిళనాడును, ఆంధ్ర తీరంలోని మత్స్యకార పల్లెలను, చివరకు ఆఫ్రికా తూర్పు తీరాన్ని సైతం తాకాయి. మరణించినవారి సంఖ్య రెండు లక్షల ఇరవై వేలకు మించింది. ఈ దుఃఖవార్తలు ఇంకా వస్తూ ఉండగానే, 2005 జనవరిలో మరొక వార్త పత్రికలకెక్కింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తల గణన ప్రకారం ఆ భూకంపం వల్ల భూమి తిరిగే వేగం పెరిగి, రోజు నిడివి 2.68 మైక్రోసెకన్లు తగ్గినట్లు ఆ వార్త సారాంశం. మైక్రోసెకను అనగా సెకనులో పది లక్షల వంతు.

ఇటువంటి వార్త సాధారణంగా రెండు రకాల అతిశయోక్తులకు దారితీస్తుంది. భూమి తన ఇరుసు తప్పిందనీ, రోజులు కుంచించుకుపోతున్నాయనీ, ప్రళయ సూచనలు ఇక లెక్కల్లో సహా రుజువైపోయాయనీ కొందరు ప్రచారం చేస్తారు. ఇదంతా మన పూర్వ విద్వాంసులు వెయ్యేళ్ల క్రితమే కనుగొన్నారని మరికొందరు గర్వంగా ప్రకటిస్తారు. ఈ రెండు మాటలకూ చరిత్రలో ఆధారం లేదు. అయితే ఈ విషయంలో ముస్లిం విద్వాంసుల పాత్ర లేకపోలేదు. అది సాధారణంగా చెప్పుకునే దానికంటే భిన్నమైనది, అంతకంటే గౌరవప్రదమైనది కూడా. దానిని సరిగా గ్రహించాలంటే భూకంపాల గురించి, భూభ్రమణం గురించి, గ్రహణాల గురించి మన పూర్వులు ఏం రాసి పెట్టారో విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

భూకంపాల నమోదు

భూకంపానికి కారణమేమిటన్న ప్రశ్నకు మధ్యయుగ ముస్లిం తత్వవేత్తలు చెప్పిన సమాధానం చాలావరకు యవన తత్వవేత్త అరిస్టాటిల్ నుండి వచ్చినదే. భూగర్భంలో చిక్కుకుపోయిన ఆవిరి, వాయువులు బయటపడే ప్రయత్నంలో నేలను కంపింపజేస్తాయని ఆ సిద్ధాంతం. ఇబ్న్ సీనా (980-1037) తన బృహద్గ్రంథం 'అష్షిఫా'లో దీనినే వివరించారు. భూకంపాలలో నేల పైకి లేచి పర్వతాలు ఏర్పడే అవకాశముందని కూడా ఆయన రాశారు. ఈ రెండవ మాట నేటి భూగర్భశాస్త్రానికి కొంత దగ్గరగా ఉంది. మొదటిది మాత్రం నిలవలేదు.

కారణాల విషయంలో పొరపడినా, సంఘటనల నమోదులో అరబ్బీ చరిత్రకారుల శ్రద్ధ అసాధారణమైనది. 1138లో అలెప్పోను నేలమట్టం చేసిన భూకంపం, 1202 మే నెలలో సిరియాను, ఈజిప్టును కుదిపిన భూకంపం వారి గ్రంథాలలో వివరంగా కనిపిస్తాయి. ఈ రెండవ భూకంపం నాటికి బాగ్దాదుకు చెందిన వైద్యుడు అబ్దుల్లతీఫ్ ఈజిప్టులో ఉన్నారు. ఆయన రాసిన ఈజిప్టు వర్ణనను ఫ్రెంచి పండితుడు సిల్వెస్టర్ ద సాసీ 1810లో అనువదించి ఐరోపాకు అందించారు.

ఈ సంప్రదాయానికి శిఖరప్రాయమైనది కైరోకు చెందిన ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ (1445-1505) రచించిన 'కష్ఫుస్సల్సలా అన్ వస్ఫిజ్జల్జలా'. భూకంపాలకు సంబంధించిన ధార్మిక ఉల్లేఖనాలతో పాటు, తన కాలం వరకు జరిగిన నూటికి పైగా భూకంపాలను ఆయన ఇందులో సంవత్సరాల వారీగా క్రోడీకరించారు. ఎక్కడ ఎన్ని ఇళ్లు కూలాయి, ఎంతసేపు కంపించింది, తర్వాత మళ్లీ ఎన్ని కుదుపులు వచ్చాయి వంటి వివరాలు ఇటువంటి గ్రంథాలలో లభిస్తాయి. లండన్ ఇంపీరియల్ కళాశాలలో పనిచేసిన నికొలస్ ఆంబ్రసీస్, చార్లెస్ మెల్విల్‌తో కలిసి 1982లో ప్రచురించిన ఇరాన్ భూకంపాల చరిత్రకు ఆధారం ఇటువంటి అరబ్బీ, ఫార్సీ గ్రంథాలే. భూకంప లేఖినులు లేని కాలపు ప్రమాదాలను అంచనా కట్టడానికి నేటి ఇంజనీర్లకు వాటిని మించిన సాక్ష్యం దొరకదు.

భూమి తిరుగుతున్నదా?

భూకంపాల గ్రంథాలు ఒకవైపు పెరుగుతుండగా, మరొకవైపు ఖగోళశాస్త్రంలో భూభ్రమణ చర్చ నడిచింది. భారతదేశంలో ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని ప్రతిపాదించాడు. కదిలే పడవలోని మనిషికి ఒడ్డున ఉన్న చెట్లు వెనక్కు పోతున్నట్లు కనిపించడాన్ని దీనికి ఉపమానంగా చూపాడు. ఆర్యభటుని మతాన్ని, బ్రహ్మగుప్తుని వాదాలను అరబ్బీ పాఠకులకు పరిచయం చేసినవారు అబూ రైహాన్ అల్ బీరూనీ (973-1048). భారతదేశంపై తాను రాసిన గ్రంథంలో ఆయన చెప్పిన తీర్పు గమనార్హం. భూమి తిరుగుతుందని అనుకున్నా, ఆకాశం తిరుగుతుందని అనుకున్నా గ్రహగణనకు వచ్చే నష్టం లేదనీ, కనిపించే దృశ్యాలన్నింటినీ రెండు విధాలా వివరించవచ్చుననీ ఆయన భావించారు. ఆయన సమకాలికుడు అబూ సయీద్ సిజ్జీ భూమే తిరుగుతుందన్న భావన ఆధారంగా 'జౌరఖీ' అనే ఆస్తర్‌లాబ్‌ను రూపొందించినట్లు తెలియజేసినవారు కూడా బీరూనీయే. అయినప్పటికీ బీరూనీ చివరకు భూమి స్థిరమన్న పక్షానే నిలిచారు.

1259లో మరాగా వేధశాలను నెలకొల్పిన నసీరుద్దీన్ తూసీ (1201-1274) ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లారు. పైకి విసిరిన వస్తువు తిరిగి అక్కడే పడటం వల్ల భూమి కదలడం లేదని టాలెమీ వంటివారు వాదించగా, భూమితో పాటు గాలి కూడా కదులుతూ ఉండవచ్చు గనుక కేవలం ఆ పరీక్షతో భూభ్రమణాన్ని కొట్టివేయలేమని తూసీ చూపారు. ఆయన శిష్యుడు ఖుత్బుద్దీన్ షీరాజీ దీనితో ఏకీభవించలేదు. సమర్కందులో ఉలుగ్ బేగ్ వద్ద పనిచేసి, తర్వాత ఇస్తాంబూల్‌లో స్థిరపడిన అలీ ఖుష్జీ (మ. 1474) మరొక అడుగు వేసి, ఖగోళశాస్త్రం అరిస్టాటిల్ భౌతికవాదంపై ఆధారపడవలసిన అవసరమే లేదనీ, భూమి తిరగదనడానికి తిరుగులేని రుజువు ఏదీ లేదనీ వాదించారు.

ఈ చర్చ ఎంత లోతైనదైనా అందులో ఎన్నడూ రాని ప్రశ్న ఒకటి ఉన్నది. భూమి తిరుగుతున్నదే అనుకుంటే, ఆ వేగం ఎప్పుడూ ఒకేలా ఉన్నదా? ఈ ప్రశ్న రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. సూర్యోదయాల మధ్య, మధ్యాహ్నాల మధ్య గల వ్యవధే ఆనాటి కాలమానానికి మూలం. అంటే భూమే మానవుడి గడియారం. ఒక గడియారం నెమ్మదిస్తున్నదో లేదో తెలియాలంటే పక్కన మరొక గడియారం ఉండాలి. ఆ రెండవ గడియారంగా ఉపయోగపడినది చంద్రుడు. దాని ముల్లు ఎక్కడున్నదో చదివి రాసి పెట్టినవారు గ్రహణాలను గమనించిన విద్వాంసులు.

ఖరాఫా మసీదులో ఒక ఉదయం

గ్రహణం విషయంలో ముస్లిం సమాజానికి తొలి పాఠం మదీనాలోనే లభించింది. హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. నేటి గణన ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27 నాటి గ్రహణం. ఆ మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని ప్రజలు చెప్పుకోగా, సూర్యచంద్రులు దైవసూచనలనీ, ఎవరి మరణం వల్లగానీ జననం వల్లగానీ వాటికి గ్రహణం పట్టదనీ దైవప్రవక్త (స) స్పష్టం చేసినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కన్నకొడుకును పోగొట్టుకున్న ఘడియలో, తన గౌరవాన్ని పెంచే అపోహను సైతం ఆయన అంగీకరించలేదు. గ్రహణ సమయాన నమాజు చేయవలసిందిగా ఆదేశించారు.

గ్రహణాల శాస్త్రీయ నమోదులో మూడున్నర శతాబ్దాల తర్వాత కైరోలో జరిగిన ఒక పరిశీలనకు ప్రత్యేక స్థానం ఉంది. హిజ్రీ 367 రబీఉల్ ఆఖిర్ మాసంలో, అనగా 977 డిసెంబరు 13 ఉదయం, ఖరాఫా ప్రాంతంలోని ఒక మసీదులో సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి కొందరు విద్వాంసులు సమావేశమయ్యారు. ఆ పరిశీలనను అబుల్ హసన్ అలీ ఇబ్న్ యూనుస్ (మ. 1009) తన 'హాకిమీ జీజ్'లో భద్రపరిచారు. గ్రహణం ఆరంభం వారి కంటికి ఆనినప్పుడు క్షితిజం నుండి సూర్యుని ఎత్తు 15 డిగ్రీల కంటే ఎక్కువ, 16 డిగ్రీల కంటే తక్కువ. సూర్యబింబపు వ్యాసాన్ని పన్నెండు అంగుళాలుగా భావిస్తే, దాదాపు ఎనిమిది అంగుళాల మేర మరుగుపడింది. మరుసటి ఏడాది 978 జూన్ 8న మధ్యాహ్నం దాటాక పట్టిన గ్రహణాన్ని కూడా ఆయన ఇదే విధంగా నమోదు చేశారు.

సూర్యుని ఎత్తును కొలవడమంటే కాలాన్ని కొలవడమే. ఒక ప్రదేశపు అక్షాంశం, ఆ రోజు తేదీ తెలిసి ఉంటే, సూర్యుని ఎత్తును బట్టి అప్పటి స్థానిక సమయాన్ని కొద్ది నిమిషాల తేడాతో లెక్కకట్టవచ్చు. నమాజు వేళలను నిర్ణయించే విద్య కూడా ఇదే. తర్వాతి శతాబ్దాలలో కైరోలో నమాజు వేళల పట్టికలు ఇబ్న్ యూనుస్ పేరుతో చలామణీలో ఉండేవి. గ్రహణాలను నమోదు చేయడంలో ఆయన ఉద్దేశం తన పట్టికలను సరిచూసుకోవడమే. లెక్క చెప్పిన సమయానికి, కంటికి కనిపించిన సమయానికి తేడా వస్తే దానిని దాచకుండా రాసి పెట్టడం ఆ సంప్రదాయపు నీతి.

పాత లెక్కలు, కొత్త ప్రశ్న

1695లో ఇంగ్లండు ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ ప్రాచీన గ్రహణాలను తన కాలపు గణనలతో పోల్చి చూస్తూ, రఖ్ఖా నగరంలో అల్ బత్తానీ (మ. 929) చేసిన పరిశీలనల వద్ద ఆగిపోయారు. చంద్రుడు క్రమంగా వేగం పుంజుకుంటున్నట్లు ఆయనకు అనుమానం కలిగింది. 1749లో రిచర్డ్ డంథార్న్ ఈ అనుమానాన్ని లెక్కలోకి దించారు. ఆయన ప్రధానంగా ఆధారపడిన పరిశీలనలలో ఇబ్న్ యూనుస్ నమోదు చేసిన కైరో గ్రహణాలు ఉన్నాయి. 'హాకిమీ జీజ్'లోని ఈ పరిశీలనల భాగాన్ని హాలండులోని లైడెన్ నగరంలో గల అరబ్బీ రాతప్రతి నుండి కాసాఁ అనే పండితుడు ఫ్రెంచి అనువాదంతో సహా 1804లో ప్రచురించాడు. ఒక రాతప్రతి నిలిచి ఉండటం, దానిని చదవగల అనువాదకుడు దొరకడం ఈ కథలో ఎంతటి పాత్ర వహించాయో పాఠకులు గమనించగలరు.

చంద్రుని ఈ వేగవృద్ధికి కారణం చంద్రకక్ష్యలోనే ఉన్నదని 1787లో లాప్లాస్ గణించి చూపగా, సమస్య తీరిపోయిందని అందరూ భావించారు. కాని ఆ వివరణ సగం తేడాకే సరిపోతుందని 1853లో జాన్ కూచ్ ఆడమ్స్ నిరూపించారు. మిగిలిన సగానికి కారణం భూమిలోనే ఉన్నదని 1865లో ఫ్రెంచి శాస్త్రవేత్త దెలోనే సూచించారు. చంద్రాకర్షణ వల్ల సముద్రాలలో కలిగే ఆటుపోట్లు భూమి భ్రమణానికి బ్రేకు వేస్తున్నాయి. భూమి నెమ్మదిస్తూ ఉండటం వల్ల చంద్రుడు వేగం పుంజుకుంటున్నట్లు కనిపించాడు. తత్వవేత్త కాంట్ 1754లోనే ఈ ఆటుపోట్ల ప్రభావాన్ని ఊహించినా, దానికి అంకెలు సమకూర్చినవి ఈ గ్రహణాల సాక్ష్యాలే.

బాబిలోనియా మట్టిపలకలు, చైనా రాజాస్థాన చరిత్రలు, గ్రీకు గ్రంథాలు, అరబ్బీ జీజ్‌లు అన్నింటినీ కలిపి ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్టీఫెన్సన్ దశాబ్దాల పాటు పరిశోధించారు. ఆయన, ఆయన సహచరులు 2016లో ప్రకటించిన ఫలితం ప్రకారం గత 2,700 సంవత్సరాలలో రోజు నిడివి సగటున శతాబ్దానికి 1.78 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యో వంతు. ఇది అత్యల్పమే గాని, ప్రతిరోజూ కూడుతూ పోతుంది. ఇబ్న్ యూనుస్ కాలానికి వెనక్కు లెక్కిస్తే ఈ తేడా మొత్తం దాదాపు 26 నిమిషాలకు చేరుతుంది. భూమి ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగిందనుకుని నేడు గణిస్తే, ఖరాఫా మసీదులో ఆ గ్రహణం కనిపించవలసిన సమయం సుమారు అంత మేర తప్పుతుంది. తప్పు ఆ విద్వాంసుల కొలతలో లేదు. భూమి వేగమే మారిందని వారి కొలత సాక్ష్యం చెబుతున్నది.

ఆటుపోట్లు మాత్రమే పనిచేసి ఉంటే రోజు శతాబ్దానికి దాదాపు 2.4 మిల్లీసెకన్ల చొప్పున పెరగాలి. అంత పెరగలేదంటే భూమిని కొద్దిగా వేగిరపరిచే శక్తులు కూడా ఉన్నట్లే. వాటిలో ముఖ్యమైనదిగా చెప్పుకునేది ఇది: గత మంచుయుగంలో ధ్రువప్రాంతాలను అదిమిపెట్టిన మంచు కరిగిపోవడంతో ఆ నేల నేటికీ మెల్లగా పైకి లేస్తూ, భూమి ఆకారాన్ని మరింత గుండ్రంగా మారుస్తున్నది. భూమిలోని ద్రవ్యరాశి స్థానం మారితే భ్రమణవేగం కూడా మారుతుంది. భూకంపాల ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

ధ్రువాల కదలిక, కితాబ్ వేధశాల

ఉయ్యాల తాళ్లను మెలితిప్పి వదిలినప్పుడు, అందులో కూర్చున్న పిల్లవాడు కాళ్లు బారజాపితే నెమ్మదిగానూ, ముడుచుకుంటే వేగంగానూ తిరగడం అందరూ చూసినదే. బరువు ఇరుసుకు దగ్గరైతే వేగం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఇక బరువు ఒక పక్కకు మళ్లితే తిరిగే వస్తువు బొంగరంలా తూగుతుంది. భూమికి కూడా ఈ తూగు ఉండాలని 1765లో ఆయిలర్ గణితం ద్వారా చెప్పారు. 1891లో అమెరికాకు చెందిన సెత్ చాండ్లర్ దానిని పరిశీలనలలో గుర్తించారు. సుమారు పద్నాలుగు నెలలకు ఒకసారి ఉత్తర ధ్రువం కొన్ని మీటర్ల పరిధిలో ఒక చుట్టు తిరుగుతుంది.

దీనిని నిరంతరం కొలవడానికి 1899లో అంతర్జాతీయ అక్షాంశ సేవ ఏర్పడింది. 39 డిగ్రీల 8 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద జపాన్, ఇటలీ, అమెరికాలతో పాటు మధ్య ఆసియాలో ఆమూ దర్యా తీరాన గల చార్జూయ్ పట్టణంలో కేంద్రాలు నెలకొల్పారు. చార్జూయ్ కేంద్రం మూతబడిన తర్వాత 1930 నుండి ఆ పని సమర్కందుకు దక్షిణాన, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని కితాబ్ అనే పట్టణంలో కొనసాగింది. ఉలుగ్ బేగ్ తన వేధశాలలో నక్షత్ర స్థానాలను తిరిగి కొలిపించిన సీమలోనే, ఐదు శతాబ్దాల తర్వాత అదే నక్షత్రాల సహాయంతో భూమి తూగును కొలవడం చరిత్రలోని ఒక ఆసక్తికర సంఘటన.

భూకంపాలకూ ఈ తూగుకూ సంబంధం ఉండవచ్చునని మొదట అనుమానించినవారిలో ఆధునిక భూకంపశాస్త్ర నిర్మాతలలో ఒకరైన జాన్ మిల్న్ (1850-1913) ముఖ్యుడు. జపాన్‌లో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసిన ఆయన, పెద్ద భూకంపాలు ఎక్కువగా వచ్చిన కాలాలలో ధ్రువం నడిచే దారి చురుకుగా మలుపు తిరుగుతున్నట్లు గమనించారు. అయితే రెండు విషయాలు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ఈ ఆలోచన ముందుకు సాగలేదు. 1960లో వాల్టర్ మంక్, గోర్డన్ మెక్‌డొనాల్డ్ భూభ్రమణంపై తాము రాసిన ప్రామాణిక గ్రంథంలో భూకంపాల ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని తేల్చారు.

1964లో అలాస్కాలో సంభవించిన మహా భూకంపం ఈ తీర్పును పునఃపరిశీలింపజేసింది. పెద్ద భూకంపంలో నేల జరుగుబాటు పగులు దగ్గరే ఆగిపోక వేల కిలోమీటర్ల దూరం వరకు సూక్ష్మంగా వ్యాపిస్తుందని 1965లో ఫ్రాంక్ ప్రెస్ చూపారు. దీని ఆధారంగా ఒడిశాకు చెందిన లలతేందు మాన్సిన్హా, ఆయన సహశాస్త్రవేత్త డగ్లస్ స్మైలీ కెనడాలో పనిచేస్తూ 1967లో భూకంపాలు ధ్రువాన్ని ఎంతవరకు కదిలించగలవో గణించారు. చాండ్లర్ తూగు ఆగిపోకుండా నడిపించేది భూకంపాలేనని వారి ప్రతిపాదన. ఇది దశాబ్దాల పాటు వివాదాస్పదంగా నిలిచింది. చివరకు 2000లో రిచర్డ్ గ్రాస్ చేసిన పరిశోధన, ఆ తూగుకు ప్రధాన కారణం సముద్రగర్భంలోని నీటి పీడనంలో వచ్చే మార్పులనీ, వాతావరణం దానికి తోడవుతున్నదనీ చూపింది. ఆ విధంగా మిల్న్ అనుమానం నేరుగా రుజువు కాకపోయినా, అది లేవనెత్తిన ప్రశ్న వల్ల భూకంప ప్రభావాన్ని లెక్కకట్టే పద్ధతి ఏర్పడింది.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

బెంజమిన్ చావో, రిచర్డ్ గ్రాస్ 1987లో ఈ పద్ధతిని 1977 నుండి 1985 వరకు సంభవించిన 2,146 భూకంపాలకు వర్తింపజేశారు. భూకంపాలు మొత్తం మీద భూమి ద్రవ్యరాశిని ఇరుసుకు దగ్గరగా చేర్చి, రోజును అత్యల్పంగా తగ్గించే మొగ్గు చూపుతున్నాయని వారు కనుగొన్నారు. ఒక భూఫలకం మరొకదాని కిందికి చొచ్చుకుపోయే చోట బరువు నిలువుగా జరుగుతుంది. అందుకే అటువంటి భూకంపాలకు ప్రభావం ఎక్కువ. నేల పక్కకు మాత్రమే జరిగే భూకంపాలకు తక్కువ.

ఇదే పద్ధతిలో 2004 సుమత్రా భూకంపానికి 2.68, 2010 ఫిబ్రవరి 27 నాటి చిలీ భూకంపానికి 1.26, 2011 మార్చి 11 నాటి జపాన్ భూకంపానికి 1.8 మైక్రోసెకన్ల తగ్గుదల వచ్చింది. ఇప్పటివరకు పరికరాలు నమోదు చేసిన వాటిలో అతి పెద్దదైన 1960 చిలీ భూకంపానికి సైతం ఇది సుమారు 8 మైక్రోసెకన్లే.

ఈ అంకెల విషయంలో రెండు సంగతులు మరువరాదు. మొదటిది, ఇవి గడియారంతో కొలిచినవి కావు, గణించినవి. గాలుల మార్పు వల్లనే రోజు నిడివి ఏటా దాదాపు ఒక మిల్లీసెకను, అనగా వెయ్యి మైక్రోసెకన్ల మేర, పెరిగి తగ్గుతూ ఉంటుంది. జపాన్ భూకంపం తెచ్చిన మార్పుకు ఇది సుమారు 550 రెట్లు. అంత పెద్ద ఒడిదుడుకులలో ఇంత చిన్న మార్పును వేరుచేసి చూపడం నేటి కొలతలకు సాధ్యం కాలేదు. అయితే ఆ గణన ఊహాగానం కాదు. సుమత్రా భూకంపంలో ద్రవ్యరాశి స్థానం మారిన సంగతిని గ్రేస్ ఉపగ్రహాలు గురుత్వాకర్షణలో వచ్చిన తేడా ద్వారా గుర్తించాయి.

రెండవది, 'ఇరుసు జరిగింది' అన్న మాట. చిలీ భూకంపంతో 8 సెంటీమీటర్లు, జపాన్ భూకంపంతో 17 సెంటీమీటర్లు జరిగినట్లు గణించినది భూమి ద్రవ్యరాశి సమతూకంగా ఉండే అక్షం. భూమి తిరిగే ఇరుసు వేరు. ఈ రెండింటి మధ్య ఎప్పుడూ దాదాపు పది మీటర్ల ఎడం ఉంటుంది. ఆకాశంలో భూమి వాలును మార్చడం లోపలి భూకంపం వల్ల సాధ్యపడదు. దానికి సూర్యచంద్రుల ఆకర్షణ వంటి బయటి శక్తి కావాలి. కనుక రుతువులు మారిపోతాయనీ, ఖిబ్లా దిశను, నమాజు వేళలను సరిదిద్దుకోవాలనీ భయపడనవసరం లేదు.

ఈ మార్పు ఎంతటిదో ఇబ్న్ యూనుస్ కొలతతోనే తూచి చూడవచ్చు. రోజుకు 2.68 మైక్రోసెకన్ల చొప్పున ఏడాదికి కూడినా ఒక మిల్లీసెకనుకు మించదు. వెయ్యేళ్లు కూడితే ఒక్క సెకను. సుమత్రా, చిలీ, జపాన్ భూకంపాలు మూడింటి ప్రభావాన్ని కలిపినా వెయ్యేళ్లకు రెండు సెకన్లు చిల్లర. అదే వెయ్యేళ్లలో ఇతర కారణాలు తెచ్చిన తేడా 26 నిమిషాలు. ఖరాఫా మసీదులోని విద్వాంసుల పరికరాలకు ఆ 26 నిమిషాలు అందుతాయి, ఆ రెండు సెకన్లు అందవు. 2024 జూలై 5న రోజు 24 గంటలకు 1.66 మిల్లీసెకన్లు తక్కువగా నమోదైంది. ఇది కూడా భూకంపాలు తేగల మార్పు కంటే ఎన్నో వందల రెట్లు పెద్దది.

విపత్తుకు కొలమానం

భ్రమణంపై ప్రభావాన్ని బట్టి భూకంపపు తీవ్రతను మనసులో అంచనా వేసుకోవడం మరొక పొరపాటు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలను కుదిపిన భూకంపం హైదరాబాదు వరకు తెలిసింది. దాని పరిమాణం 6.2 మాత్రమే. 2010 చిలీ భూకంపంతో పోలిస్తే దాని బలం సుమారు ఎనిమిది వేల వంతు. భూభ్రమణం మీద దాని ప్రభావం లేనట్లే. అయినా నిద్రలో ఉన్న వేలాదిమంది మట్టి, రాతి గోడల కింద ప్రాణాలు కోల్పోయారు. మృతుల సంఖ్య పదివేలకు దగ్గరగా ఉన్నది. భూమి రోజునే మార్చిన చిలీ భూకంపంలో మరణించినవారు వందలలో ఉన్నారు. ఈ తేడాకు కారణం ఇళ్ల కట్టుబడి, ముందస్తు ఏర్పాట్లు. సుయూతీ వంటివారు కూలిన ఇళ్లను, పోయిన ప్రాణాలను గ్రంథస్థం చేయడంలోని ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. నేల ఎక్కడ కంపించిందో తెలిసినచోట ఇల్లు ఎలా కట్టుకోవాలో కూడా తెలియాలి.

సూరతుజ్జిల్‌జాల్ వర్ణించే ప్రకంపన ఒక విశ్వాసికి ఆత్మపరిశీలనకు పిలుపు. ఆ విశ్వాసానికి మైక్రోసెకన్ల సాక్ష్యం అవసరం లేదు. అరకొర అంకెలను దానికి రుజువుగా నిలబెడితే, రేపు ఆ అంకెలు సవరణకు గురైనప్పుడు అపహాస్యం పాలయ్యేది శాస్త్రం కాదు, వాటిని వేదికలపై వినిపించినవారి మాట. మదీనాలో గ్రహణం పట్టిన రోజున లభించిన పాఠం ఈ సందర్భానికి కూడా వర్తిస్తుంది.

అలాగే, భూకంపం రోజును తగ్గిస్తుందని ఇబ్న్ సీనాకు గాని, తూసీకి గాని, సుయూతీకి గాని తెలియదు. వారికి తెలియనిదానిని వారికి అంటగట్టడం వారిని గౌరవించడం అనిపించుకోదు. ఇబ్న్ యూనుస్ గ్రంథంలోని ఒక చిన్న వివరం వారి నిజమైన గొప్పతనాన్ని తెలుపుతున్నది. సూర్యుని ఎత్తు పదిహేనున్నర డిగ్రీలని ఒక్క అంకె రాసి ఊరుకోవడం ఆయనకు సులభమే. కాని 15 కంటే ఎక్కువ, 16 కంటే తక్కువ అని రాశారు. తమ కొలతకు ఎంత తెలుసో అంతే రాశారు. తమ లెక్కను ఏడు వందల డెబ్బై ఏళ్ల తర్వాత ఒక పరదేశి లాటిన్ పుస్తకం ద్వారా అందుకుంటాడని, దానితో చంద్రుని నడకను తూస్తాడని వారు ఊహించి ఉండరు. అప్పగించిన సొమ్మును ఉన్నదున్నట్లు తిరిగి అప్పజెప్పడాన్ని అమానత్ అంటారు. విద్యావిషయాలలో కూడా అమానత్ ఉన్నది.

ఇకముందు కూడా మహా భూకంపాలు వస్తాయి. రోజు ఇన్ని మైక్రోసెకన్లు తగ్గిందన్న వార్త కూడా వాటి వెంటనే వస్తుంది. దానిని ఉర్దూ నుండో, ఇంగ్లీషు నుండో తెలుగులోకి తెచ్చేవారు, జుమా ప్రసంగంలో ప్రస్తావించేవారు 'గణన ప్రకారం' అన్న రెండు మాటలను వదిలివేయకుండా ఉంటే చాలు. వార్తలోని మిగిలిన భాగం శిథిలాల కింద ఉన్నవారికి సంబంధించినది. వారికి కావలసినవి అన్నం, గుడారం, వైద్యం, జనాజా నమాజు.